అప్పలస్వామి అంకుల్ నెత్తి మీద ప్రకటన

2023. సింగపూర్ రైళ్ళలో ఇక మాస్కు అక్కర్లేదని చెప్పిన ఏడాది. చాలాకాలం తర్వాత ఒకరి మూతి ఒకరికి కనబడుతోంది. అప్పటికి నేను టోవా పాయోలో ఉన్న ఒక ప్రకటనల కంపెనీలో ప్రొడక్షన్ మేనేజర్ని. ప్రకటన ఆలోచించేవాళ్ళు వేరు, బొమ్మ గీసేవాళ్ళు వేరు. ఆ బొమ్మని అచ్చు వేయించి, రైలు పెట్టెలోనో బస్సు ఒంటి మీదో ముడత పడకుండా అతికించి, గడువు తీరాక పీకించేది నేను. అమలాపురంలో మా అమ్మ మాత్రం ఇప్పటికీ అందరితో "మా సుజాత సింగపూర్లో గోడలకి బొమ్మలంటిస్తుంది" అనే చెబుతుంది. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు.

మా పనిలో ముందు తెలుసుకోవాల్సిన మాట ఇన్-ట్రైన్ ప్యానెల్. రైల్లో సీట్ల వెనక, కిటికీకి పైన ఉండే పొడవాటి ప్రకటన అట్ట అన్నమాట. ఎదురు వరుసలో కూర్చున్నవాళ్ళు, మధ్యలో నిలబడ్డవాళ్ళు చదువుతారని మా ఆశ. చదువుతారా? తలకాయలన్నీ ఫోన్లలో ఉంటాయి. ఎవరైనా ఒక్కసారి తలెత్తి మా ప్యానెల్ చూస్తే నాకు ఆ పూట అన్నం ఎక్కువ సయిస్తుంది.

ఆ ఏడాది ఆడవాళ్ళకి అండగా నిలిచే ఒక సంస్థ మా దగ్గరకి వచ్చింది. రైళ్ళలో, బస్టాపుల్లో, ఫ్లాట్ల మధ్య నడక దారుల్లో ఆడవాళ్ళ వెంటపడడం, కావాలని తగలడం, దొంగచాటుగా ఫోటోలు తియ్యడం, వీటి గురించి జనానికి చెప్పాలన్నారు. సంస్థ తరఫున వచ్చినావిడ పేరు నోరా. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మలయ్ మనిషి.

"మన ఊరు చాలా సేఫ్ అంటారు. నిజమే. అందుకే ఏదైనా జరిగినప్పుడు ఆ అమ్మాయి మాట ఎవరూ నమ్మరు. చుట్టూ ఉన్నవాళ్ళు కిటికీ బయటకి చూస్తారు" అంది ఆవిడ.

నేను వెంటనే ఈ పని నాకివ్వమన్నాను. చేతిలో సేఫ్టీ పిన్ను పట్టుకుని కాలేజీ బస్సెక్కిన తరం మాది. ఆ పిన్ను ఎందుకో మా ఇంట్లో మగవాళ్ళెవరికీ తెలీదు, ఆడవాళ్ళెవరూ అడగలేదు. ఇలాంటి మాట రైలు గోడకెక్కితే అంటించే చేతులు నావే అవ్వాలనుకున్నాను.

మా డిజైనర్ హఫీజ్ బొమ్మ గీశాడు. నల్లటి అట్ట. పైన మధ్యలో ఒక టార్చి లైటు. దాన్నుంచి పసుపు వెలుగు కిందికి విచ్చుకుంటూ అట్ట అంచు దాకా వస్తుంది. పక్కన ఇక్కడి నాలుగు అధికార భాషల్లో మాటలు: 'వేధించేవాడికి కొమ్ములుండవు. మీ మధ్యే కూర్చుని ఉంటాడు.' కంప్యూటర్ తెర మీద చూసి అందరం చప్పట్లు కొట్టాం. మా బాస్ వీ లింగ్ అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. ఆవిడ కూడా "నాట్ బ్యాడ్ లా" అంది. ఇక్కడివాళ్ళ మాట చివర ఆ 'లా' ఊరికే వచ్చి చేరుతుంది. అంటే మా ఆఫీసులో బంగారు పతకం వచ్చినట్టు.

అంటించాక సైట్ చెక్ అని ఒకటి చేస్తాం. ప్రకటన పెట్టిన చోటికే వెళ్ళి, రంగు సరిగ్గా ఉందా, అంచులు లేచాయా అని చూసుకోవడం. రైళ్ళు నిలిపే డిపోకి నలుగురం వెళ్ళాం. ఖాళీ రైలు తళతళలాడుతోంది. ప్యానెళ్ళు ఒక్క బుడగ కూడా లేకుండా అతుక్కున్నాయి. వాటి ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నాం. వాటి కింద మాత్రం ఎవరం కూర్చోలేదు. ఎందుకు కూర్చుంటాం? మేం ప్రకటన చూడ్డానికి వెళ్ళాం కదా.

రైళ్ళు పట్టాలెక్కిన నాలుగో వారంలో రిసెప్షన్ నుంచి ఫోనొచ్చింది. మీ భాష మాట్లాడే అంకుల్ ఒకాయన వచ్చాడు, చాలా కోపంగా ఉన్నాడు, తొందరగా రా అని.

వెళ్ళి చూద్దును కదా, డెబ్భై దాటిన పెద్దమనిషి. తెల్ల పొట్టి చేతుల చొక్కా టక్ చేసుకుని, గొడుగు నేలకి ఆనించి నిటారుగా నిలబడి ఉన్నాడు. పక్కన పాలిటెక్నిక్ చదివే వయసులో ఒక అమ్మాయి, మనవరాలు దివ్య. మా అడ్రసు ఆ పిల్లే వెతికి పట్టుకుందట.

"నువ్వేనా తెలుగమ్మాయివి? ఇలగ రా. ఇదేటో సూడు" అని ఫోను నా ముక్కు దగ్గర పెట్టాడు.

ఫోటోలో ఆయనే. రైల్లో కూర్చుని, ఒళ్ళో పొడవాటి గుడ్డ సంచీ పెట్టుకుని, నోరు తెరిచి హాయిగా నిద్రపోతున్నాడు. సరిగ్గా నెత్తి మీద మా ప్యానెల్. హఫీజ్ గీసిన పసుపు వెలుగు అట్ట అంచు దగ్గర ఆగలేదు, నేరుగా దిగి ఆయన బట్టతల మీదే పడుతున్నట్టుంది. పక్కన మా మాటలు: 'మీ మధ్యే కూర్చుని ఉంటాడు.' ఎవరో తుంటరి ఫోటో తీసి, కన్నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు పెట్టి ఊరంతా తిప్పారు.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకున్నాను. ఆపుకోవడం ఆయన చూశాడు.

"నవ్వమ్మా, నవ్వీ. అందరూ నవ్వీసినారు, నువ్వొక్కర్తివీ ఎందుకు మిగలాల?"

"తాత ఈజ్ వైరల్, ఆంటీ" అంది దివ్య. "బట్ నాట్ ఫన్నీ లా. హీ డోంట్ వాంట్ టు టేక్ ట్రైన్ ఎనీమోర్."

ముప్ఫై నాలుగేళ్ళకే ఆంటీని అయినందుకు ఒకటి, మా ప్యానెల్ చేసిన నిర్వాకానికి ఒకటి, రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి టీ ఇప్పించాను. అప్పుడు సంగతి తెలిసింది.

ఆయన పేరు అప్పలస్వామి. తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి మలేషియా వెళ్ళి, పెరాక్ రాష్ట్రంలో కొబ్బరి తోటల్లో స్థిరపడిన కుటుంబం. కుర్రతనంలోనే పనికోసం సింగపూర్ వచ్చేసి, ఓడలు కట్టే యార్డులో స్టోర్స్ చూసి రిటైరయ్యాడు. టోవా పాయోలో కొడుకు ఇంట్లో ఉంటాడు. ప్రతి శనివారం రైలెక్కి చోవా చూ కాంగ్ వెళ్ళి, అక్కడి తెలుగువాళ్ళ పిల్లలకి కోలాటం నేర్పుతాడు. ఆ సంచీలో ఉన్నవి కోలాటం కర్రలు. మధ్యలో రైలు మారే పని లేకుండా ఉత్తరం చుట్టూ తిరిగి వెళ్ళే దారి పట్టుకుని, ఎక్కగానే ఒక కునుకు తీసి, దిగేముందు లేస్తాడు. ఆ కునుకులోనే దొరికిపోయాడు.

"నేర్సుకునేది ఆడపిల్లలే ఎక్కువమ్మా. ఆళ్ళ అమ్మానాన్నలు నన్ను నమ్మి అంపుతున్నారు. ఈ బొమ్మ ఆళ్ళందరి ఫోనుల్లోకీ ఎళ్ళీసినాది. ఇంక ఏ మొకం పెట్టుకుని ఎల్తాను? మాస్కున్నప్పుడే నయిం. నానెవడ్నో ఎవడికీ తెలిసీది కాదు."

ఆ ఆఖరి మాట కూడా నవ్వించేదే. కానీ ఆ మాట అని ఆయన టీ తాగకుండానే కప్పు పక్కన పెట్టేశాడు. రెండు శనివారాలుగా ఆయన క్లాసుకి వెళ్ళలేదు. వచ్చే ఉగాదికి పిల్లలు స్టేజీ ఎక్కాలి. మేం ఆడవాళ్ళ కోసమని పెట్టిన ప్రకటన, ఆడపిల్లలకి ఇష్టంగా ఆట నేర్పే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టింది. నాకు ఆ నిమిషాన హఫీజ్ మీద, వీ లింగ్ మీద, డిపోలో తీసుకున్న ఫోటోల మీద, అన్నిటి మీదా ఒళ్ళు మండింది.

వీ లింగ్‌కి చెప్తే ఆవిడ అయిదు నిమిషాల్లో తేల్చేసింది. ప్యానెళ్ళు పీకించెయ్, అంకుల్‌కి పళ్ళబుట్ట పంపు అంది. ప్యానెళ్ళు పీకేస్తే నోరా వాళ్ళ మాట కూడా వాటితోపాటే చెత్తబుట్టలోకి పోతుంది. నాకది నచ్చలేదు. కొంచెం గడువు అడిగాను. పళ్ళబుట్ట సంగతి చెప్తే అప్పలస్వామి అంకుల్‌కి అది అసలే నచ్చలేదు.

"పళ్ళు మా బ్లాకు కింద మార్కెట్లో అమ్ముతారు. నువ్వు శనివారం చోవా చూ కాంగ్ ఎల్లి, ఆ అమ్మానాన్నలకి సెప్పు. బొమ్మ తప్పుగానీ మనిషి తప్పు కాదని సెప్పు."

వెళ్ళాను. ఫ్లాట్ల కింద ఖాళీ జాగాలో పిల్లలు కర్రలు లేక చేతులతోనే కొట్టుకుంటున్నారు. అది కోలాటమో కొట్లాటో చెప్పడం కష్టం. తల్లిదండ్రుల్ని ఒకచోట చేర్చి, ప్యానెల్ అంటే ఏమిటి, వెలుగు ఎలా పడింది, తప్పెవరిది అని మీటింగులో చెప్పినట్టు చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో శ్రీకాంత్ అని వరంగల్ నుంచి వచ్చినాయన, సైన్స్ పార్క్‌లో ఉద్యోగం, తల గోక్కుంటూ లేచాడు.

"మేడమ్, మేమెవ్వరం అట్ల అనుకోలె. అంకుల్ గురించి మాకు తెల్వదా? ఊకె నవ్వుకున్నం, గంతే. జెర రమ్మనుర్రి. పోరగాళ్ళు ఆగమాగం చేస్తున్నరు."

పని అయిపోయిందనుకుని అక్కణ్ణుంచే అంకుల్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"నవ్వుకున్నారు కదా? నాను సెప్పిందీ అదే" అన్నాడు. "అనుమానపడితే ఎల్లి తిట్టీవోడిని. నవ్వితే ఏటి సేత్తాను?"

ఇంటికి వెళ్ళేదాకా ఆ మాటే చెవుల్లో ఉంది. ఎగతాళి అయిన మనిషికి క్షమాపణ చెప్పి లాభం లేదు. మళ్ళీ నలుగురిలో దర్జాగా కూర్చోగలిగితే తప్ప ఆయన రాడు.

మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాను. "అంకుల్, నాతో ఒక్కసారి రైలెక్కండి. ఆ ప్యానెల్ కింద నేను కూర్చుంటాను. మీరు ఎదురుగా నిలబడి చూడండి" అన్నాను. నా పరువు పోవడం కళ్ళారా చూడొచ్చని కాబోలు, వెంటనే ఒప్పుకున్నాడు.

టోవా పాయోలో ఎక్కాం. వెతికి వెతికి ప్యానెల్ కింద సీటు పట్టుకున్నాను. అంకుల్ ఎదురుగా స్తంభం పట్టుకుని, సినిమాకి వచ్చినవాడిలా నిలబడ్డాడు. బిషాన్‌లో ఎక్కిన ఇద్దరు బడి పిల్లలు ప్యానెల్ చదివారు, నన్ను చూశారు, మోచేతులతో పొడుచుకున్నారు. ఆ తర్వాత ఒక కళ్ళజోడు ఆయన. చదివాడు, నన్ను చూశాడు, గబుక్కున ఫోన్లోకి దిగిపోయాడు. ఒక పెద్దావిడ చదివి నన్ను ఎగాదిగా చూసి, నేను ఆడదాన్నన్న సంగతి గమనించి మరింత అయోమయంలో పడింది.

"ఇప్పుడు తెలిసినాదా?" అని అంకుల్ అటువైపు నుంచే గట్టిగా అరిచాడు. పెట్టెలో ఉన్నవాళ్ళంతా మావైపు తిరిగారు. చెవులదాకా ఎర్రబడ్డాను.

యీషున్ దాటేసరికి సిగ్గు పోయి వృత్తి బుద్ధి మేలుకుంది. మా పనిలో డ్వెల్ టైమ్ అంటారు, చూపు ప్రకటన మీద ఎంతసేపు నిలుస్తుందన్న లెక్క. దానికోసం మేం పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఇక్కడ చూస్తే ఎక్కిన ప్రతివాడూ తలెత్తి చదువుతున్నాడు. చదివినవాడు కింద కూర్చున్న మనిషి ముఖం చూడకుండా వదలడం లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా ప్రకటన ఒక్కదానికి కూడా ఇంత చూపు దొరకలేదు. ఆ చూపంతా వచ్చి ఒక మనిషి మీద పడుతోంది, మేం ఆ మనిషి చేతిలో చెడ్డపేరు పెట్టాం. అదే చూపుకి ఒక మంచి పని అప్పజెబితే?

లేచి వెళ్ళి అంకుల్ పక్కన నిలబడ్డాను.

"ఎవరైనా ఇబ్బంది పెడుతుంటే ఇక్కడ కూర్చున్నవాళ్ళ దగ్గరకి రండి అని రాస్తే, ఆ వెలుగు కింద కూర్చుంటారా?"

ఆయన స్తంభం వదిలేసి నా వైపు తిరిగాడు. "ఎవులైనా నిజింగా ఒచ్చీస్తే? నానేటి సెయ్యాల?"

"అది కూడా రాద్దాం."

"అయితే రాయి. ముందు రాయి, తరవాత సూద్దాం" అన్నాడు. అయినా ఆ రోజు చోవా చూ కాంగ్ వచ్చినా దిగనన్నాడు. అదే రైల్లో వెనక్కి వచ్చేశాం.

నోరాకి చెప్తే కళ్ళు మెరిశాయి, మరుక్షణం నుదురు ముడిపడింది. "ఆ సీట్లో కూర్చున్నవాడే ఆ పని చేసేవాడైతే? పారిపోయిన అమ్మాయిని మనమే వాడి దగ్గరకి పంపినట్టు కాదా?" అని అడిగింది. అది నాకు తట్టనే లేదు. వీ లింగ్ పెన్ను మూత పెట్టేసింది. అది ఆవిడ మీటింగు ముగించే పద్ధతి.

అప్పుడు హఫీజ్ లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఆ పసుపు వెలుగుని రెండు చేతులా లాగినట్టు అటూ ఇటూ సాగదీశాడు. ఒక్క సీటు మీద పడే వెలుగు వరుసంతా పరుచుకుంది. ఒకడు చెడ్డవాడైనా పక్కన మిగతావాళ్ళున్నారు. అడిగేది ఒక మనిషిని కాదు, వరుసని. నోరా లేచి వెళ్ళి హఫీజ్ భుజం తట్టింది. వీ లింగ్ పెన్ను మూత మళ్ళీ తీసింది.

కొత్త మాటలు ఇవి: 'ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా? ఈ వరుస దగ్గరకి రండి.' దాని కింద చిన్న అక్షరాల్లో కూర్చున్నవాళ్ళు చెయ్యాల్సిన పని: 'చోటివ్వండి. బాగానే ఉన్నారా అని అడగండి. స్టేషన్ సిబ్బందికి చెప్పండి. తోడుండండి.' మన నెత్తి మీద ప్యానెల్ మనకి కనబడదు కాబట్టి, రెండు వైపులా అదే పెట్టాం. ఎదురు వరుస మీద ఉన్నది చదువుకుంటే మన పనేమిటో మనకి తెలుస్తుంది.

ఈసారి డిపోకి వెళ్ళి ఖాళీ సీట్లు చూసి రావద్దని, మనుషుల్ని కూర్చోబెట్టి చూసి తీరాలని వీ లింగ్ షరతు పెట్టింది. ఆ షరతు వినగానే నాకు ఎక్కడికి వెళ్ళాలో తెలిసిపోయింది. శనివారం చోవా చూ కాంగ్‌లో, కోలాటం నేర్పే జాగాలోనే గోడకి నమూనా ప్యానెల్ అంటించి, కింద వరుసగా కుర్చీలు వేశాం. అప్పలస్వామి అంకుల్‌కి "మీరు లేకపోతే టెస్టు జరగదు" అని కబురు పెట్టాను. రెండు బస్సులు మారి వచ్చాడు. రైలు మాత్రం ఎక్కలేదు. పిల్లల వైపు చూడకుండా నేరుగా వెళ్ళి మధ్య కుర్చీలో కూర్చున్నాడు.

ఇబ్బంది పడే అమ్మాయిగా దివ్య, వెంటపడేవాడిగా శ్రీకాంత్. పాపం శ్రీకాంత్‌కి ఆ వేషం బొత్తిగా రాలేదు. దివ్య వెనక నడుస్తూ "సారీ అమ్మా, సారీ" అంటాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. దివ్య కుర్చీల వరుస ముందుకొచ్చి "అంకుల్, హెల్ప్ లా" అందో లేదో, అప్పలస్వామి అంకుల్ ఒక్క ఉదుటున లేచి శ్రీకాంత్ కాలరు పట్టుకున్నాడు.

"నో, నో, అంకుల్! నో ఫైటింగ్!" అని నోరా పరిగెత్తుకొచ్చింది.

"ఎదవని పట్టుకోవద్దేటి?" అని నన్నడిగాడు. నేనది నోరాకి ఇంగ్లీషులో చెబుతుంటే, మలేషియాలో పెరిగిన మనిషి కదా, ఆయనే నోరాతో నేరుగా మలయ్‌లోకి దిగాడు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి ఆయన కాలరు వదిలి, చొక్కా సర్ది, శ్రీకాంత్‌కి క్షమాపణ చెప్పాడు.

"వాడ్ని సూడొద్దంట. పిల్లని సూసుకుంటే సాలంట" అని మాకందరికీ తెలుగులో చాటింపు వేశాడు. "ఇది తేలికే. ఇది నాకొచ్చు."

రెండోసారి చక్కగా చేశాడు. కుర్చీ ఇచ్చాడు, అడిగాడు, పక్కన నిలబడ్డాడు. అమ్మలూ నాన్నలూ తలా ఒకసారి ఆ వరుసలో కూర్చుని చూశారు. కూర్చున్న ప్రతివాళ్ళూ తెలీకుండానే కాస్త సర్దుకుని నిటారుగా కూర్చోవడం చూసి హఫీజ్ మురిసిపోయాడు. ఒకే ఒక్క ఫిర్యాదు అంకుల్ది. నాలుగు భాషలున్నాయి, తెలుగేదీ అని. అది ప్రభుత్వాన్ని అడగమన్నాను. ఈలోగా పిల్లలు ఆయన సంచీ విప్పేసి కర్రలు పంచేసుకున్నారు. తిట్టడానికి లేచినవాడు తాళం మొదలెట్టాడు. నాకు నిజంగా గంతులెయ్యాలనిపించింది, కొంచెం వేశాను కూడా.

పాత ప్యానెళ్ళు పీకించి కొత్తవి అంటించిన శనివారం ఆయన రైలెక్కి క్లాసుకి వచ్చాడు. దారిపొడుగునా నిద్రపోలేదట. ఎవరైనా చదివి తనవైపు చూస్తే తల ఊపాడట. కొందరు తిరిగి ఊపారట. దివ్య తాతకి కొత్త ఫోటో తీసి, పాతది వెళ్ళిన గ్రూపులన్నిటికీ పంపింది. పాస్‌పోర్టు ఫోటోలోలా కళ్ళు పెద్దవి చేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయన.

ఉగాది కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది. అప్పటికే నేను ఆ క్లాసుకి అలవాటు పడిపోయాను. ఆట రాదు కాబట్టి తాళాలు కొట్టే పని ఇచ్చారు.

ఉగాది వెళ్ళిన తర్వాత ఒక శనివారం అంకుల్ రాలేదు. ఎప్పుడూ అందరికన్నా ముందు వచ్చే మనిషి. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. దివ్యకి చేస్తే ఎప్పుడో బయల్దేరాడంది. మళ్ళీ ఎవరైనా ఏమన్నా అన్నారేమో, మళ్ళీ రైలు మానేస్తాడేమో అని ఫోన్ చేస్తూనే ఉన్నాను. పిల్లల్ని పంపించేద్దామా అని శ్రీకాంత్ అడుగుతుండగా, అటు చివర స్తంభం పక్క నుంచి తెల్ల చొక్కా కనబడింది. చెమటతో తడిసి ముద్దయిపోయి, నడక మాత్రం మహా హుషారుగా ఉంది.

"ఒచ్చీసినాది" అన్నాడు నన్ను చూడగానే. "ఒక పిల్ల నిజింగా ఒచ్చీసినాది, సుజా."

మంచినీళ్ళు తాగించి కూర్చోబెట్టాం. ఖాతిబ్ దాటాక ఒక కాలేజీ అమ్మాయి పెట్టె అవతలి చివర నుంచి జరుగుతూ వచ్చిందట. ఆమె ఎటు జరిగితే అటు ఒకడు జరుగుతున్నాడు, ఫోను కిందికి వంచి పట్టుకుని. ఆమె వీళ్ళ వరుస ముందుకొచ్చి నిలబడి, పైకి చూసి, చదివి, అంకుల్‌ని చూసింది. ఈయన నేర్చుకున్నదంతా మర్చిపోయి, లేచి సీటు మాత్రం ఇచ్చాడు. తర్వాత ఎదురు ప్యానెల్ చూసి గుర్తు తెచ్చుకుని, బాగానే ఉన్నావా అని అడిగాడు. ఆమె లేదంది.

"అంతేనమ్మా. ఇంక నాను సెప్పక్కర్లేకపోయింది. పక్కన కూరగాయలు తెచ్చుకునే సిన్న సక్రాల బండితో కూకున్న చీనా ఆంటీ, ఆ బండి తీసి పిల్లకి అడ్డంగా కోటలాగ పెట్టీసినాది. ఆ చివరన మిలటరీ బట్టల్లో ఉన్న కుర్రోడు స్టేషనుకి ఫోను కొట్టీసినాడు. నాను పిల్ల ముందు నిలబడ్డాను. వాడ్ని సూడలేదు. సూడొద్దన్నారు కదా."

తర్వాతి స్టేషన్లో సిబ్బంది ఎదురొచ్చారట. వాణ్ణి పక్కకి తీసుకెళ్ళారు. ఆ అమ్మాయి ఫిర్యాదు రాసిస్తానంది. ఒంటరిగా కూర్చుని రాయడానికి మాత్రం భయపడింది. అందుకని ఈయన ఉండిపోయాడు. ఫోన్ సంచీ అడుగున మోగుతూనే ఉందట, తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆ అమ్మాయి ఆయన చెయ్యి వదల్లేదు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నోరాకి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. ఇన్నాళ్ళూ నేను జనం చూడరు, చూసినా పట్టించుకోరు అని విసుక్కుంటూ బొమ్మలు అంటించాను. ఆ శనివారం నా అభిప్రాయం మారిపోయింది. కిటికీ బయటకి చూసేవాళ్ళలో చాలామందికి మనసు లేక కాదు, ఏం చెయ్యాలో తెలియకే అటు చూస్తారు. నువ్వు ఈ పని చెయ్యి, ఇంతే చెయ్యి అని ఎవరైనా చెప్తే లేచి నిలబడతారు. వృత్తిలో నేను నేర్చుకున్నవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

పిల్లలు అప్పటికే వరుసలు కట్టేశారు. అంకుల్ లేస్తూ లేస్తూ మళ్ళీ కూర్చున్నాడు, అసలు మాట ఇప్పుడే గుర్తొచ్చినట్టు.

"స్టేషనోడు మమ్మల్ని సూసి తికమక పడిపోనాడమ్మా. నాను, ఆ చీనా ఆంటీ, మిలటరీ కుర్రోడు, ముగ్గురం ఆ పిల్ల సుట్టూ కూకున్నాం. ఎవులమూ మా స్టేషన్లో దిగలేదు. మీరంతా ఒక ఫేమిలీయా అని అడిగినాడు. నాను ఇంగ్లీషు ఎతుక్కునీలోపలే ఆ ఆంటీ 'యెస్' అనీసినాది."